చూడని స్లైడ్లు

రెండో పిల్లని తోడేళ్ళాయన తన తువ్వాల్లో చుట్టుకుని తెచ్చాడు. ప్లాస్టిక్ సంచి ఇస్తామంటే వద్దన్నాడట. పోస్టుమార్టం గదిలో స్టీలు బల్ల మీద దాన్ని దించి, తువ్వాలు మెల్లగా లాగి, పక్కకి వాలిపోయిన తలని రెండు వేళ్ళతో సరిచేశాడు. పుట్టి ఇరవై మూడు రోజులు. రెండు దోసిళ్ళలో ఇమిడిపోయేంత.

"నిన్న సాయంత్రం పాలు తాగింది సార్. నా కళ్ళతో చూశాను. పొద్దున్న వెళ్ళేసరికి తల్లి దీన్ని గుహ బయట పెట్టేసింది."

డాక్టరుగారు పిల్ల పెదవి ఎత్తి చిగుళ్ళు చూశారు. ఎర్రగా ఉండాల్సిన చిగుళ్ళు సున్నం కొట్టిన గోడలా ఉన్నాయి. ఆయన కత్తెర కోసం చెయ్యి చాచారు. పక్కన ట్రే పట్టుకుని నిలబడ్డ ల్యాబమ్మ కత్తెర అందించింది.

ఆ జంతుప్రదర్శనశాలలో ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. జంతువుల మలం, రక్తం పరీక్ష చేసే ల్యాబులో ఉన్నది ఒక్కతే కాబట్టి గేటు దగ్గర టికెట్లు చింపేవాడి నుంచి పెద్దాఫీసరు దాకా అందరికీ ల్యాబమ్మే. అలాగే తోడేళ్ళ ఆవరణ చూసుకునే ముసలి కీపరు అందరికీ తోడేళ్ళాయన.

డాక్టరుగారు పేగుని నిలువునా చీల్చారు. లోపలంతా తారులాంటి నల్లటి రక్తం. నీళ్ళు పోసి కడిగితే అప్పుడు కనిపించాయి, పేగు గోడకి వేలాడుతూ, దారప్పోగుల్లాంటి సన్నటి పురుగులు, ఒక్కోటీ సగం అంగుళం ఉంటుందో లేదో. చిమటాతో ఒకదాన్ని లాగితే వెంటనే రాలేదు. పేగు పొర దానితోపాటు సాగి, తర్వాత వదిలింది. వదిలిన చోట ఎర్రటి చుక్క.

"కొంకిపురుగు," అన్నారు డాక్టరుగారు. "రక్తం మొత్తం ఇవే తాగేశాయి. లెక్కపెట్టండమ్మా."

ఆమె ఒక్కోదాన్నీ ఏరి గాజు గిన్నెలో వేస్తూ నూట నలభై దాకా లెక్కపెట్టింది. తోడేళ్ళాయన గిన్నెలోకి వంగి చూశాడు.

"ఇంత చిన్న ప్రాణంలో ఇన్నా?"

"తల్లి నుంచి పాలల్లో వస్తాయి. తల్లికి ఎప్పుడంటుకుందో చూద్దాం. రిజిస్టరు తీసుకురండమ్మా."

ల్యాబు అక్కడికి రెండు గదుల అవతల. ఇరవై అడుగులు. ఆ ఇరవై అడుగుల్లో ఆమె కాళ్ళు రెండుసార్లు ఆగాయి. పచ్చ అట్ట రిజిస్టరు అల్మారాలోంచి తీసి, తెరవకుండానే గుండెలకి అదుముకుని తిరిగొచ్చింది. అందులో ఏముందో తెరిచి చూడక్కర్లేదు. రాసింది తనే.

డాక్టరుగారు పేజీలు తిప్పారు. "ఆడ తోడేలు. కిందటి నెల, పురుగు గుడ్లు లేవు. అంతకుముందు నెల, లేవు. దానికి ముందు నెలా లేవు. మూడు నెలలూ శుభ్రం. అందుకే కదా కడుపుతో ఉన్నదానికి ఎందుకొచ్చిన గొడవని పురుగుల మందు వెయ్యలేదు." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అంటే ఇది ఈమధ్య బయట నుంచి వచ్చింది. ఇది కుక్కల్లో ఉండే పురుగు. కుక్క మలం తొక్కిన కాళ్ళతో ఆవరణలోకి వెళ్తే చాలు, మట్టిలోకి చేరిపోతుంది."

కళ్ళజోడు పెట్టుకుని తోడేళ్ళాయన వైపు తిరిగారు.

"నీ వెంట ఒక కుక్క తిరుగుతుంటుంది కదూ?" అని అడిగారు డాక్టరుగారు.

"బుడంకాయా సార్?" అన్నాడు తోడేళ్ళాయన. రెండు నెలల కిందట గేటు దగ్గర చేరిన ఊరకుక్క అది. అతని అన్నం డబ్బాలో సగం దానికే పోయేది. ఆయన తల వంచి తన బూట్లకేసి చూసుకున్నాడు. అరికాళ్ళ గాడుల్లో మట్టి ఉంది. బల్ల అంచు పట్టుకుని ఒక బూటు, తర్వాత రెండోది విప్పేశాడు. వట్టికాళ్ళతో, బూట్లు దూరంగా పట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ల్యాబమ్మ రిజిస్టరు తీసుకుని మూసింది. ఆ మూడు నెలలూ తోడేలు మలం డబ్బా మూత ఆమె తియ్యనే లేదు.

నెలకొక బుధవారం నలభై ఒక్క డబ్బాలు వచ్చేవి. జింకలవి ముందు, కోతులవి తర్వాత, ఆఖర్న తోడేళ్ళవి. తోడేళ్ళ మలం నిండా వెంట్రుకలూ ఎముకల పొడీ ఉంటాయి. ఎంత వడగట్టినా స్లైడు మీద వెంట్రుకలు అడ్డం పడతాయి. ఏళ్ళ తరబడి ఆ డబ్బాల్లో ఏమీ దొరకలేదు. ఒక బుధవారం నలభై అయ్యాక మెడ పట్టేసింది. నలభై ఒకటోదైన ఆడ తోడేలు డబ్బా ఎదురుగా "గుడ్లు లేవు" అని రాసేసింది. తర్వాతి నెల మెడ పట్టెయ్యలేదు. అయినా రాసేసింది. ఎందుకని ఇప్పుడు తనని తాను అడిగితే చెప్పుకోవడానికి ఇంట్లో జబ్బూ లేదు, ఒంట్లో నలతా లేదు. రాసేసింది, అంతే.

మంగళవారం మధ్యాహ్నానికి పెద్దాఫీసరు గదిలోంచి కాగితం వచ్చింది. ఊరకుక్కని చేరదీసి ఆవరణ పరిశుభ్రతకి భంగం కలిగించినందుకు తోడేళ్ళాయన్ని పక్షుల విభాగానికి మార్చారు, శుక్రవారం విచారణ. ఆధారం అన్న చోట 'ప్రయోగశాల నివేదికలు' అని ఉంది. ఆ రెండు మాటల దగ్గర ఆమె కళ్ళు నిలిచిపోయాయి.

ఆ సాయంత్రం తల్లి తోడేలు రక్తం తియ్యడానికి డాక్టరుగారి వెంట ఆవరణకి వెళ్ళింది. కొత్త కీపరు మాంసం వేస్తే అది వాసన చూసి వదిలేసింది. పొదుగు దగ్గర మిగిలిన రెండు పిల్లలు నోరు పెట్టి ఉన్నాయి గానీ లాగడం లేదు. బయటి కంచె అవతల, సందర్శకులు నిలబడేచోట, తోడేళ్ళాయన నిలబడ్డాడు. డ్యూటీ అయిపోయినట్టుంది. ఇన్నేళ్ళూ లోపలి నుంచి చూసిన చోటుని బయటి నుంచి చూస్తూ రెండు చేతులతో కమ్మీలు పట్టుకున్నాడు.

"నీళ్ళు మార్చమని చెప్పమ్మా," అన్నాడు ఆమెతో. "తొట్టిలో ఆకు పడితే అది తాగదు. పౌరుషం ఎక్కువ దానికి. పాలిచ్చే తల్లి, నీళ్ళు లేకపోతే ఎలా?"

"చెప్తానన్నా."

"నువ్వు మూడు నెలలూ శుభ్రంగానే ఉందని రాశావు కదమ్మా. నేను కాళ్ళు కూడా చూసుకోకుండా లోపలికి పోయాను. రోజూ పొద్దున్న బుడంకాయ నా బూట్ల మీద పడి దొర్లేది. ఆ బూట్లతోనే వెళ్ళి తోడేలు పిల్లల్ని ఎత్తుకునేవాణ్ణి."

కాదన్నా, అనాలి. ఒక్క మాట. ఆ మాట గొంతు దాకా వచ్చింది. వచ్చి, "నీళ్ళు మార్పిస్తానన్నా," అయింది.

ఇంట్లో అత్తగారు కూరలు తరుగుతూ, "మీ తోడేలు బాలింతకి ఎలా ఉందే?" అని అడిగింది. జంతువుల కబుర్లన్నీ ఆవిడకి చుట్టాల కబుర్లే.

"ఇంకోటి పోయిందత్తయ్యా."

"అయ్యో తల్లీ. పాలు గడ్డకట్టుకుపోతాయేమో చూసుకోమను. నాకు రెండోవాడు పోయినప్పుడు మూడు రోజులు జ్వరం. మనిషైతే చెప్పుకుంటుంది, అదెవరితో చెప్పుకుంటుంది?" ఆవిడ చాకు ఆపి కోడలి మొహంలోకి చూసింది. "నువ్వేంటి, నీ పిల్లే పోయినట్టు ఉన్నావు?"

భర్త ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. ఇంటికొచ్చినా చేతిలో ఎర్రకలం ఉంటుంది. టీ ఇస్తూ అతనికి చెప్పింది, మూడు ముక్కల్లో, తల ఎత్తకుండా. అతను ఎర్రకలానికి మూత పెట్టాడు.

"నేనూ చదవకుండా టిక్కు పెట్టిన పేజీలున్నాయి," అన్నాడు. "అందరం మనుషులమే. నా తప్పుకైతే ఎవరూ చావలేదు గానీ..." ఓదార్చబోయిన మాట ఎటు తిరిగిందో అతనికే అర్థమై నాలుక కరుచుకున్నాడు.

"ఆ ముసలాయన తనే చంపాననుకుంటున్నాడండీ."

"చెప్తే ఏం చేస్తారు నిన్ను?"

"తెలీదు."

"చెప్పకపోతే?"

దానికి ఆమె దగ్గర జవాబుంది. చెప్పకపోతే ఏమీ చెయ్యరు. వచ్చే నెలా ఒక బుధవారం వస్తుంది, నలభై ఒక్క డబ్బాలు వస్తాయి.

పరీక్ష అయ్యాక ప్రతి డబ్బాలోంచీ ఒక చెంచాడు తీసి, ఫార్మలిన్ పోసిన సీసాలో ఆరు నెలలు దాచాలని నియమం. ఆ పని మటుకు ఆమె ఏ నెలా మానలేదు. చూడకుండా దాచింది. బుధవారం పొద్దున్న ల్యాబు తలుపు లోపల గడియ పెట్టి, కింద అరలోంచి మూడు సీసాలు తీసింది. మూడింటి మీదా తన దస్తూరీయే, గుండ్రంగా, తేదీలతో సహా.

మొదట అన్నిటికంటే పాతది. బుడంకాయ గేటు దగ్గరకి రాకముందు నెలది. మూత తీస్తే ఫార్మలిన్ ఘాటుకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఒక ముక్క గిన్నెలో వేసి కడిగి, చిక్కటి ఉప్పునీళ్ళు పోసి కలిపి, టీ జల్లెడలో వడగట్టింది. వెంట్రుకలు పైన నిలిచిపోయాయి. కిందకి దిగిన నీళ్ళని గాజు గొట్టంలో అంచుదాకా, పొంగి నిలబడేదాకా నింపి, పైన పల్చటి గాజు పలక ఆనించింది. పదిహేను నిమిషాలు ఆగాలి. ఉప్పునీళ్ళల్లో గుడ్లు తేలి పైకి వస్తాయి. ఆ పదిహేను నిమిషాలూ గోడ గడియారం కింద చేతులు కట్టుకుని నిలబడింది. ఏమీ లేకపోతే బాగుండు, అనుకుంది. ఏమీ లేకపోతే తను చూసినా అదే రాసుండేది. అప్పుడు తప్పు తప్పే గానీ, చావు తనది కాదు.

పలకని స్లైడు మీదకి మార్చి, కన్ను ఆనించి, ఎడమ మూల నుంచి మొదలుపెట్టింది. కొవ్వు చుక్కలు. ఈక తునక. వెంట్రుక. పక్క వరుస. మళ్ళీ కొవ్వు. మూడో వరుసలో, వెతకక్కర్లేకుండానే, కోడిగుడ్డు ఆకారంలో పల్చటి పెంకు, లోపల ద్రాక్షగుత్తిలా నాలుగు కణాలు. దాని పక్కనే ఇంకోటి. తర్వాత చూస్తున్న కొద్దీ ఎన్నో.

కొత్తగా చేరిన వాళ్ళకి నేర్పించేటప్పుడు చూపించేంత స్పష్టంగా ఉన్నాయి. రెండో సీసాలో అంతకు రెట్టింపు. మూడోది చూసేసరికి లెక్కపెట్టడం మానేసింది.

పక్కనే సింకు ఉంది. మూడు సీసాలూ అందులో ఒంపి కుళాయి తిప్పితే అర నిమిషం పని. అలా అనుకున్నందుకు ఒళ్ళు జలదరించింది గానీ, అనుకున్న మాట నిజం. సీసా మెడ ఒకసారి పట్టుకున్న మాట కూడా నిజం. తర్వాత మూడింటికీ మూతలు బిగించి, పాత గుడ్డ సంచిలో పెట్టి, తన బల్ల సొరుగులో వేసి తాళం వేసింది. తాళంచెవి రోజంతా గుప్పిట్లోనే ఉంది.

సాయంత్రం బస్సు దిగి ఇంటికి కాకుండా రెండు వీధులవతల ఉన్న తోడేళ్ళాయన ఇంటికి వెళ్ళింది. చెప్పెయ్యాలనే వెళ్ళింది. ఒకటే గది, ముందు చిన్న వసారా. ఆయన వసారాలో ముక్కాలిపీట మీద కూర్చుని, బకెట్లో పొగలు కక్కే నీళ్ళు పెట్టుకుని, బూట్లు తోముతున్నాడు. బ్రష్షు అరిగి కర్ర మిగిలింది.

"మూడోసారి తోమడం," అంది ఆయన భార్య గుమ్మంలోంచి. "తోలు ఊడొచ్చేలా ఉంది. నువ్వైనా చెప్పమ్మా. రెండు రోజులుగా ముద్ద ముట్టలేదు. నిద్రలో కూడా నా కాళ్ళు, నా కాళ్ళు అంటాడు."

"నీ పనేదో చూసుకో," అన్నాడాయన, విసుగు లేకుండానే. తర్వాత ల్యాబమ్మతో, "కూర్చోమ్మా. వేణ్ణీళ్ళకి చస్తాయంటావా ఆ పురుగులు?"

"చస్తాయన్నా."

"సబ్బు కూడా వేశాను." ఆయన బూటు తిప్పి అరికాలు ఆమెకి చూపించాడు. గాడుల్లో మట్టి అణువంత కూడా లేదు. "బుడంకాయని వదిలేశానమ్మా. నిన్న బస్సెక్కించి ఆఖరి స్టాపు దాకా తీసుకెళ్ళాను. కండక్టరు గొడవపెడితే ఒళ్ళో పెట్టుకున్నాను. అక్కడ దింపేసి అదే బస్సులో వచ్చేశాను. అది బస్సు ఎక్కాలనుకుంది. తలుపు మూసుకుంది."

వసారా గోడకి తువ్వాలొకటి ఆరేసి ఉంది. ఉతికినా మధ్యలో మచ్చ పోలేదు.

"ఎందుకన్నా అలా..." అంది. ఆ మాట తర్వాత రావాల్సింది, నీ తప్పేం లేదు, మూడు నెలల కిందటే ఉంది, నేను చూడలేదు. ఆయన తలెత్తి, ఆమె చెప్పబోయేది ఏదో ఊరట అనుకుని, చాలా మర్యాదగా ఎదురుచూశాడు. ఆ మర్యాద ముందు ఆమె తట్టుకోలేకపోయింది. ఆయన భార్య టీ గ్లాసు తెచ్చి చేతిలో పెట్టింది. చక్కెర ఎక్కువైన టీ. మూడు గుక్కల్లో తాగేసి, "వస్తానన్నా," అని లేచింది. వీధి మలుపు తిరిగాక గోడకి ఆనుకుని నిలబడింది. పక్కింటి పిల్లలెవరో సైకిల్ టైరు దొర్లించుకుంటూ పోయారు. దోషిలా అక్కణ్ణుంచి జారుకోవడం కంటే చెంపదెబ్బ తిని రావడమే మేలనిపించింది. అయినా వెనక్కి తిరగలేదు.

గురువారం పొద్దున్న మూడో పిల్ల పోయింది. ఈసారి తువ్వాలు లేదు. కొత్త కీపరు నల్ల సంచిలో తెచ్చి బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు. డాక్టరుగారు కొయ్యలేదు. "ఏముంది, తెలిసిందేగా," అన్నారు.

"సార్, మీకో సంగతి చెప్పాలి."

సొరుగులోంచి సీసాలు తీసి ఆయన ముందు పెట్టింది. మైక్రోస్కోపు కింద స్లైడు సిద్ధంగా ఉంచింది. చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆయన స్లైడులోకి చూశారు, కళ్ళు తీశారు, మళ్ళీ చూశారు.

"ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?"

"మావారికి."

"ఆయనకి తెలిస్తే ఫర్లేదు." లేచి వెళ్ళి తలుపు దగ్గరకి వేసొచ్చారు. మంచివాడాయన. గద్దకి రెక్క విరిగితే కట్టు కట్టి వారం రోజులు తన గదిలో పెట్టుకున్న మనిషి. "చూడమ్మా. ప్రతి పేజీ కిందా నా సంతకం ఉంది. నేనూ మీరు రాసింది చదివి సంతకం పెట్టడమే గానీ ఒక్క స్లైడూ తిరిగి చూడలేదు. ఇది బయటికొస్తే ఇద్దరం పోతాం. ల్యాబుకి ఉన్న కాస్త పరువూ పోతుంది. తోడేళ్ళాయన్ని ఎవరూ ఉద్యోగంలోంచి తీసెయ్యడం లేదు కదా? పక్షుల దగ్గర నీడపట్టున ఉంటాడు. మోకాళ్ళ నొప్పులు కూడా ఉన్నాయి ఆయనకి. ఒకందుకు మంచిదే."

"ఆయన అన్నం తినడం లేదు సార్."

"తింటాడు. నాలుగు రోజులు పోతే తింటాడు." ఆయన ఆమె వైపు చూడకుండా కిటికీ రెక్క సరిచేశారు. "మిగిలిన పిల్లని బతికించుకుందాం. చేతనైనది అది. ఇకనుంచి ప్రతి స్లైడూ ఇద్దరం చూద్దాం. సరేనా?"

ఆమె సీసాలు మళ్ళీ సంచిలో పెట్టుకుంది. ఆ మధ్యాహ్నం నాలుగో పిల్లకి రక్తం ఎక్కించారు. తండ్రి తోడేలుకి మత్తిచ్చి తీసిన రక్తం. గంటసేపు సన్నటి గొట్టాన్ని ఆమే పట్టుకు కూర్చుంది. పిల్ల ముక్కు ఆమె మణికట్టుకి తగిలింది, చల్లగా, పొడిగా. రక్తం సగం దిగేసరికి దాని వెనకకాలు ఒకటి కదిలింది. మాటలు రానిదాని ముందు కూడా తల ఎత్తలేకపోవడం ఆమెకి కొత్త.

శుక్రవారం పదకొండింటికి పెద్దాఫీసరు గదిలో విచారణ. పొడవాటి బల్లకి అటు ముగ్గురు, పెద్దాఫీసరు, స్టోర్సు చూసే ఆయన, టైపు చెయ్యడానికి గుమాస్తా. ఇటు డాక్టరుగారూ, ల్యాబమ్మా. తోడేళ్ళాయన కుర్చీ ఉన్నా నిలబడ్డాడు. కొత్త చెప్పులు వేసుకున్నాడు. అవి కరుస్తున్నట్టుంది, బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మార్చుకుంటున్నాడు.

పెద్దాఫీసరు కాగితం చదివాడు. కుక్క, బూట్లు, మట్టి. "నివేదికల ప్రకారం కిందటి నెల వరకు జంతువు ఆరోగ్యంగా ఉంది. దీనికి నువ్వు చెప్పుకునేది ఏమైనా ఉందా?"

"ఏమీ లేదు సార్," అన్నాడు తోడేళ్ళాయన. "నా వల్లే పోయాయి. పక్షుల దగ్గరికి కూడా వద్దు సార్. అక్కడా పిల్లలుంటాయి. ఇంక నన్ను ఏ జంతువు దగ్గరికీ పంపకండి. గేటు దగ్గర పెట్టండి, చెత్త ఎత్తుకుంటాను."

గుమాస్తా వేళ్ళు టకటకమన్నాయి. 'నా వల్లే పోయాయి' అన్న మాట కాగితం మీదకి ఎక్కుతోందని ఆమెకి చప్పుడులోనే తెలిసిపోయింది.

"అది రాయొద్దండీ," అంది.

అందరూ ఆమె వైపు తిరిగారు. డాక్టరుగారు మటుకు తిరగలేదు. ఆమె ఒళ్ళో ఉన్న సంచిలోంచి మూడు సీసాలు తీసి బల్ల మీద వరసగా పెట్టింది. అవి ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి.

"ఇవి ఈ తోడేలువే. తేదీలు చూడండి. మొదటిది మూడు నెలల కిందటిది. ఆ కుక్క అప్పటికి రానేలేదు. మూడింట్లోనూ పురుగు గుడ్లున్నాయి. ఆయన బూట్లకీ దీనికీ సంబంధం లేదు."

పెద్దాఫీసరు ఒక సీసా ఎత్తి వెలుతురులో తిప్పాడు, కంటికి ఏదో కనిపిస్తుందన్నట్టు. "మరి రిజిస్టర్లో లేవని రాశారు."

"అవునండీ."

"అంటే..." ఆయన ఒక క్షణం ఆలోచించాడు. చెడ్డవాడు కాదు. అతనికీ ఇది తొందరగా, ఎవరికీ పెద్దగా తగలకుండా ముగియాలని ఉంది. "అంటే మీరు చూశారు, అప్పుడు మీకు కనిపించలేదు. కొన్నిసార్లు కనిపించవు కదా డాక్టరుగారూ? పొరపాటు. అలా రాసుకోమంటారా?"

గుమాస్తా వేళ్ళు మీటల మీద ఆగాయి. తలుపు తెరిచి పట్టుకున్నట్టే ఉంది. లోపలికి అడుగు వేస్తే చాలు. కనిపించలేదు. ఎవరికైనా జరిగేదే. కళ్ళు, వయసు, వెంట్రుకలు, దీపం. ఆమె తోడేళ్ళాయన వైపు చూసింది. ఆయనా ఆ మాట కోసమే చూస్తున్నాడు. ఆ మాటని ఆయన క్షమించేస్తాడు కూడా, ఆ మొహంలోనే తెలుస్తోంది.

"కనిపించకపోవడం కాదండీ," అంది. "చూడలేదు. మూడు నెలలూ డబ్బా తెరవకుండా రాశాను."

"చూడలేదు అని రాయమంటారా?" అని అడిగాడు గుమాస్తా, తనలో తనే అన్నట్టు.

"అలాగే రాయండి."

డాక్టరుగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. తుడవలేదు, మళ్ళీ పెట్టుకోలేదు. కాసేపటికి, "కింద సంతకాలు నావే. నేనూ చూడలేదు," అన్నారు. గొంతు ఎంత తగ్గిందంటే గుమాస్తా మళ్ళీ చెప్పమన్నాడు.

నడవాలో తోడేళ్ళాయన ముందు నడుస్తున్నాడు. కొత్త చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. ఆమె "అన్నా," అంది. ఆయన ఆగాడు గానీ వెనక్కి తిరగలేదు.

"మొన్న మా ఇంటికొచ్చావు," అన్నాడు.

"వచ్చాను."

"టీ తాగావు."

ఆయన చెప్పులు ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"నిన్న కూడా వెళ్ళొచ్చాను ఆఖరి స్టాపుకి," అన్నాడు. ఊరికే, ఊరు మారిన మనిషి గురించి చెప్పినట్టు. "ఎలా ఉందో చూద్దామని. అక్కడ లేదు."

మెట్లు దిగి, తోడేళ్ళ ఆవరణ వైపు వెళ్ళిపోయాడు. ఆయన్ని తిరిగి అక్కడే వేసినట్టు ఇంకా కాగితం రాలేదు. ఎవరూ ఆపలేదు కూడా.

సోమవారం నుంచి ఆమెని ల్యాబులోంచి తప్పించి స్టోర్సులో కూర్చోబెట్టాలనీ, పైనుంచి నిర్ణయం వచ్చేదాకా అక్కడే ఉండాలనీ సాయంత్రం కాగితం వచ్చింది. డాక్టరుగారికీ ఒక కాగితం వచ్చింది. ఇంట్లో చెబితే భర్త ఆ కాగితం అలవాటు కొద్దీ చదివి, "నియామకం అన్నచోట ఒక అక్షరం తప్పుంది," అన్నాడు. ఆమెకి నవ్వొచ్చింది, ఆ నవ్వు సగంలోనే ఏడుపైంది. అత్తగారు పక్కన కూర్చుని వీపు నిమిరింది.

శనివారం ల్యాబులో ఆఖరి రోజు. గాజు గొట్టాలు కడిగి బోర్లించింది, మైక్రోస్కోపు కటకాలు మెత్తటి గుడ్డతో తుడిచింది, కొత్తగా వచ్చేవాళ్ళ కోసం ఏ అరలో ఏముందో చీటీలు అంటించింది. పదింటికి తలుపు చప్పుడైంది. తోడేళ్ళాయన. రెండు చేతుల్లో రెండు డబ్బాలు.

"పెద్దది తల్లిది. మందు వేసి నాలుగు రోజులైంది. చిన్నది పిల్లది," అన్నాడు. డబ్బాలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోలేదు. మూలనున్న స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. "చూడు."

ఆమె తల్లిది తీసుకుంది. ఉప్పునీళ్ళు కలిపింది, వడగట్టింది, గొట్టం నింపింది, గాజు పలక ఆనించింది. ఆయన ప్రతి కదలికనీ చూస్తూ కూర్చున్నాడు. మాంసం తూచేటప్పుడు కాటా ముల్లుని చూసేవాడిలా. పదిహేను నిమిషాలు ఆగారు. బయట కోతుల బోనులోంచి అరుపులు వినిపించాయి.

స్లైడు ఎక్కించి, ఎడమ మూల నుంచి మొదలుపెట్టి, వరస వెంట వరస, కుడి అంచుదాకా, మళ్ళీ కింద వరస. వెంట్రుక అడ్డొచ్చిన చోట ఆగి, దాని అటూ ఇటూ చూసి ముందుకి కదిలింది. మధ్యలో ఒకచోట ఆగింది.

"ఉన్నాయా?" అన్నాడాయన.

"ఉన్నాయి. బాగా తగ్గాయి. ఇంకో విడత మందు పడాలి."

"నన్ను చూడనీ."

ఆమె లేచి చోటిచ్చింది. ఆయన ఒక కన్ను మూసుకుని, రెండో కన్ను ఆనించి, ఊపిరి బిగబట్టాడు. "ఏమీ లేదు. వెలుతురే." ఆమె చక్రం ఒక వెంట్రుకవాసి తిప్పింది. ఆయన భుజాలు కదలడం మానేశాయి.

"ఇదా?"

"అదే."

"గుడ్డులాగే ఉంది." చాలాసేపు చూశాడు. ఆమెకి ఆయన మెడ మీది ముడతలూ, కాలర్లో చిక్కుకున్న బూడిదరంగు తోడేలు వెంట్రుకా కనిపిస్తున్నాయి. కన్ను తియ్యకుండానే అడిగాడు. "ఒక డబ్బా చూడ్డానికి ఎంతసేపు పడుతుంది నీకు?"

"ఉప్పునీళ్ళల్లో అది దానంతటదే తేలుతుంది. నేను కూర్చుని చూసేది..." చక్రం మీంచి చెయ్యి తీసింది. "పది నిమిషాలు."

ఆయన కన్ను తీశాడు. కేకలేస్తాడేమోననుకుంది. వేస్తే బాగుండుననుకుంది. ఆయన గోడ గడియారం వైపు చూశాడు, తర్వాత తన అరచేతుల వైపు చూసుకున్నాడు, విచారణ అయ్యాక ఆమె తిరిగి తెచ్చి బల్ల మీద పెట్టిన మూడు పాత సీసాల వైపు చూశాడు.

"పది నిమిషాలు," అన్నాడు.

స్టూలు మీదకి తిరిగి వెళ్ళి కూర్చున్నాడు. కాసేపటికి చెయ్యి చాచి చిన్న డబ్బాని ఆమె వైపు జరిపాడు.

"పిల్లది కూడా చూడు. తొందరేం లేదు, నేను ఇక్కడే ఉంటాను."

ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని డబ్బా మూత తీసింది.